లూసెట్ కుడిచెయ్యి

హోటల్లో ఆరో నంబరు గదిలో పక్క దులిపి, దుప్పటి అంచులు పరుపు కిందికి తోసి, దిండ్లు నిలబెట్టాక, లూసెట్ దేగాన్యే స్టూలెక్కి మంచం తలాపున వేలాడుతున్న పటం మీద దుమ్ము తుడిచింది. పటంలో ఉన్నది తన వీపే. ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్న ఆడమనిషి వీపు. నడుము దగ్గర లోయలా దిగి, తుంటి దగ్గర మళ్ళీ పైకి లేచి, అంచుల్లో నీలంగా మారి ఆకాశంలో కలిసిపోతుంది. కింద ఇత్తడి రేకు మీద 'కాకుల కొండ, సాయంకాలం' అని చెక్కి ఉంది. మాంట్రియల్ నుంచి వచ్చిన అతిథులు దాన్ని చూసి, ఆ కొండ దాకా కారు వెళ్తుందా అని అడుగుతుంటారు. "వెళ్తుందండీ, కాకపోతే ఇప్పుడు దారి బాగాలేదు" అంటుంది లూసెట్, మొహంలో ఏ మార్పూ లేకుండా.

తుడుస్తున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి నిలకడగానే ఉంది. ఆమెకు అంతుపట్టని సంగతి అదే. చీపురు పట్టుకున్నా, ఇస్త్రీపెట్టె పట్టుకున్నా, సూదిలోకి దారం ఎక్కించినా చెప్పినట్టు వింటుంది. పని ఆపి ఒళ్ళో పెట్టుకుంటే చాలు, బొటనవేలూ చూపుడువేలూ ఏదో గింజను నలుపుతున్నట్టు తమంతట తాము కదలడం మొదలుపెడతాయి. ఆ తర్వాత చెయ్యంతా. ఆకులు రాలే రోజుల్లో మొదలైంది, ఇప్పుడు ఏప్రిల్ వచ్చింది. అలాంటి చెయ్యి వంటమనిషికి ఉన్నా, కుట్టుపనివాడికి ఉన్నా ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళు. లూసెట్ మధ్యాహ్నాలు చేసే పని మాత్రం కదలకుండా కూర్చోవడం.

మా బే-సాంపోల్ ఊరు నిండా చిత్రకారులే. కొండలు, ఏరు, సముద్రంలా పోట్లెత్తే సెయింట్ లారెన్స్ నది. ఇవన్నీ చూసి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి స్థిరపడిపోయారు. వాళ్ళ పక్కన ఉండి ఉండి మా ఊరి వాళ్ళకూ ఆ పిచ్చి అంటుకుంది. చిత్రకారుడు ఫ్లోరియన్ మూతపడిన వెన్న ఫ్యాక్టరీని అద్దెకు తీసుకుని అందులో ఇలాంటి వాళ్ళందరికీ బొమ్మలు నేర్పుతాడు. చాలా ఏళ్ళ కిందట ఒక చలికాలం, అతని దగ్గరికి కెబెక్ నగరం నుంచి రావలసిన మోడలమ్మాయి మంచుతుఫానులో ఇరుక్కుపోయింది. అతను తల పట్టుకుని హోటలుకి వచ్చి కూర్చుంటే, గదులు ఊడ్చే లూసెట్ "కూర్చోవడమేగా, నేను కూర్చుంటాను" అంది. మొగుడు రొజేర్ ఉత్తరాన గనుల్లో పనికని వెళ్ళి అప్పటికే ఉత్తరాలు మానేశాడు. ఇంట్లో అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ మొదటిరోజు బట్టల్లేకుండా కూర్చోవడానికి ఆమెకు సిగ్గు వేసిన మాట నిజం. కానీ కాసేపటికి సిగ్గు పోయి ఇంకేదో మిగిలింది. గదిలో అంతమంది ఆమె మోకాలి వంక, మెడ వంక చూస్తున్నారు. ఆ చూపులో ఆకలి లేదు, వెటకారం లేదు. పిండి పొంగిందా లేదా అని రొట్టెలు చేసే ఆవిడ గిన్నెలోకి చూసే చూపు అది. రొజేర్ కూడా ఆమెను అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్తూ లూసెట్ ఊరికే నవ్వుకుంది. ఆ తర్వాత వాళ్ళు వద్దనేదాకా వెళ్తూనే ఉండాలని నిశ్చయించుకుంది. అప్పటి ఫాదరుగారు ప్రసాదం నోట్లో పెట్టేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఆడవాళ్ళు కొట్లో ఆమెను చూసి గొంతు తగ్గించేవాళ్ళు. నాలుగు రోజులు పోయాక అదే వీపు కొండగా, పొలంగా, వెన్నెల్లో ఇసుకగా మారి నోటరీగారి భోజనాల గది దాకా ఎక్కేసరికి ఆ గొంతులన్నీ సర్దుకున్నాయి.

ఊళ్ళో ఆమెకు 'కదలని లూసెట్' అని పేరు. కందిరీగ మెడ మీద నడిచినా ఉలకలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. కొండలా ఉండమంటే చిన్నప్పుడు గడ్డివాము మీద పడుకున్న మధ్యాహ్నాన్ని తలుచుకునేది. చలికాలం కావాలంటే రొజేర్ ఎక్కిన బస్సు మలుపు తిరిగిన చోటును తలుచుకునేది. అది ఆమె భుజాల్లోకి దిగేది, వాళ్ళు గీసుకునేవాళ్ళు. ఏం తలుచుకున్నావని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. పోయినేడాది ఇంకో మోడల్, ముసలి హెక్టార్, కూర్చున్నచోట కునుకు తీసి ఊగుతుంటే, ఫ్లోరియన్ అతని భుజం మీద చెయ్యేసి "ఇక విశ్రాంతి తీసుకో హెక్టార్" అన్నాడు. అంత మెత్తగా అన్నాడు కాబట్టే అది లూసెట్ గుండెల్లో దిగబడిపోయింది. తనకూ ఆ మాట ఎప్పుడో పడుతుంది. అందుకే చలికాలమంతా కుడిచేతిని తొడ కింద పెట్టుకునో, శాలువా మడతలో దూర్చుకునో కూర్చుంది.

మెట్లు దిగి వంటింట్లోకి వచ్చేసరికి హోటలు యజమానురాలు మదాం పెరోన్ బఠాణీ సూపు వడ్డించి ఉంచింది.

"ఏమే, ఇవాళ కొండవా, ఏరువా?"

"ఏరే మదాం. మంచు కదిలేలా ఉందని ఫ్లోరియన్ పొద్దున్నే ఫోన్ చేశాడు."

"అయితే తువ్వాలు పట్టుకెళ్ళు, తడిసిపోతావు." మదాం తన మాటకు తనే నవ్వింది. "అదేమిటే, రొట్టెనలా చిదిమేస్తున్నావు? పిచ్చుకలకు పెడతావా, తింటావా?"

లూసెట్ కిందికి చూసుకుంది. చెంచాకీ చెంచాకీ మధ్య చేతికి పని ఉండాలని రొట్టెను పొడిపొడి చేసేసింది. "ఆకలి లేదు మదాం" అని లేచి గిన్నె కడిగేసింది. కూర్చోబుద్ధి కాలేదు. కడిగిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

వంతెన మీద సగం ఊరు ఉంది. గూఫ్రు ఏటి మీద మంచు అక్కడక్కడా నల్లబడి, పగుళ్ళు బారి, లోపల్నుంచి ఎవరో తలుపు బాదుతున్నట్టు చప్పుడు చేస్తోంది. ఈ చప్పుడు మొదలైతే మా ఊళ్ళో ఎవరికీ పని మీద ధ్యాస ఉండదు. కుక్కలు కూడా ఒకచోట పడుకోవు.

"లూసెట్, మీ నాన్న ఉంటే చెప్పేవాడే, మంచు ఏ పూట పోతుందో!" అని ఒక ముసలాయన కేకేశాడు.

"చెప్పేవాడు, కాకపోతే అప్పటికి తిన్నగా నిలబడగలిగితేగా!" అన్నాడు పక్కనున్నాయన. ఇద్దరూ పకపకా నవ్వారు. మనసులో చెడు ఏమీ లేదు. మా ఊళ్ళో పాత హాస్యాలు పాత బూట్లలాంటివి, ఎవరి కాలు నొక్కుతుందో చూసుకోకుండా తొడిగేస్తుంటారు.

లూసెట్ ఆగలేదు. తండ్రి ఫిలియాస్ సరుకుల పడవ నడిపేవాడు, జీవితంలో చుక్క ముట్టి ఎరగడు. చేతులు వణుకుతుంటే ఆయన్ని పడవ దించేశారు. చర్చిలో, కొట్లో, చివరికి ఆయన శవం దగ్గర కూడా తాగుబోతనే అన్నారు. సూపు గిన్నె రెండు చేతులతో పట్టుకున్నా చొక్కా మీద ఒలికేది. పదేళ్ళ లూసెట్ ఆ చొక్కాలు ఉతుకుతూ, ఈయన నిజంగానే దాచుకుని తాగుతున్నాడేమోనని పెరట్లో సీసాల కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. అయినా చాలాకాలం నమ్మలేదు. వంతెన దాటాక ఆ సంగతి గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళంతా చిరాకు పుట్టింది. జేబులో ఉన్న చెయ్యి కొట్టుకుంటూనే ఉంది.

వెన్న ఫ్యాక్టరీలో కాన్వాసులు నిలబెట్టే ఈజిళ్ళు అర్ధచంద్రాకారంలో పెట్టి ఉన్నాయి. తెర వెనక బట్టలు విప్పి, గౌను చుట్టుకుని వచ్చి, బల్ల మీద కూర్చుని గౌను జార్చింది. నేల సిమెంటుది. పాలక్యాన్ల చల్లదనం ఇంకా వదల్లేదు. ఎడమవైపు కరెంటు హీటరు పెట్టారు. దాని వేడికి ఎప్పుడూ ఆమె ఎడమ పిక్క ఎర్రగా కందుతుంది. ఒకసారి ఎలోయ్, మా పడవరేవులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఆ కాలిని మాత్రమే ఎర్రగా గీసి 'సూర్యాస్తమయం' అని పేరు పెట్టాడు. పదిమందీ మెచ్చుకున్నారు. హీటరు కుడివైపుకు మార్చినరోజు మాత్రం సూర్యుడు ఎటు పోయాడో తెలియక అవస్థపడ్డాడు.

ఆమెకు ఎదురుగా ఒడీల్ ఈజిల్ ఉంది. ఆస్పత్రిలో చాలాకాలం నర్సుగా చేసిన మనిషి. లూసెట్ వయసుదే. ఇద్దరూ ఒకే బళ్ళో చదివారు. ఒడీల్ ఎక్కువ మాట్లాడదు. బొమ్మ వేస్తూ నాలుక పెదవి పక్కకు పెడుతుంది.

"ఇవాళ ఆడమనిషిని గీయకండి," అన్నాడు ఫ్లోరియన్, ఈజిళ్ళ వెనక అటూ ఇటూ తిరుగుతూ. మంచివాడే, కానీ చేతిలో బ్రష్షుంటే అతని నోరు కట్టడం ఎవరి వల్లా కాదు. "చలికాలమంతా మంచు కింద ఉన్న ఏరును గీయండి. బయటికి రావాలని తన్నుకుంటోంది. వినండి, వినబడుతోందా ఆ చప్పుడు? అది ఈ భుజాల్లో ఉంది, ఈ పక్కటెముకల్లో ఉంది. లూసెట్, నువ్వు కిటికీ వైపు చూడు. గడ్డం కొంచెం పైకి. అలా. ఆ చెయ్యేమిటి, మళ్ళీ తొడ కింద దాచావు? బయటికి తియ్యి. మోకాలి మీద పెట్టు, వదులుగా, తెరిచి."

"ఇలా ఉంటేనే నాకు బాగుంటుంది ఫ్లోరియన్."

"నీకు బాగుంటే సరిపోదమ్మా, ఏటికి బాగుండాలి."

నలుగురూ నవ్వారు. ఒడీల్ నవ్వలేదు. లూసెట్ చెయ్యి తీసి మోకాలి మీద పెట్టింది. అరచెయ్యి కొంచెం పైకి తిరిగి ఉంది.

కాసేపు బాగానే ఉంది. బొగ్గుముక్కలు కాన్వాసు మీద గీరుతున్న చప్పుడు. కిటికీలోంచి వంతెన కొస, దాని మీద చుక్కల్లా మనుషులు కనిపిస్తున్నారు. లూసెట్ ఊపిరి సన్నగా తీసుకుంటూ గడ్డివామును తలుచుకోబోయింది. గడ్డివాము రాలేదు, తండ్రి చొక్కాలు వచ్చాయి. కిందికి చూడకూడదు. చూడకపోయినా తెలిసిపోయింది. బొటనవేలు మొదలుపెట్టింది. తర్వాత చూపుడువేలు. చేతినంతటినీ బిగబట్టింది. బిగబట్టినకొద్దీ అది మరింత రెచ్చిపోయింది. మణికట్టు దాకా, మోచేతి దాకా పాకింది. మోకాలి చర్మం మీద వేళ్ళు టపటప కొట్టుకుంటున్న చప్పుడు ఆమె చెవులకు ఏటి చప్పుడు కంటే పెద్దగా వినబడింది. బొగ్గుముక్కల చప్పుడు ఒకటొకటిగా ఆగిపోయింది. అయిపోయింది, అనుకుంది. ఇప్పుడు ఫ్లోరియన్ వచ్చి భుజం మీద చెయ్యేస్తాడు. ఇక విశ్రాంతి తీసుకో అంటాడు.

"చూడండి!" అన్నాడు ఫ్లోరియన్, గుసగుసగా. "ఎవరూ మాట్లాడకండి. ఆ చెయ్యి చూడండి. నేను అడిగింది ఇదే. ఇన్నాళ్ళకి ఏరు దిగొచ్చింది ఆ చేతిలోకి. గీయండి, గీయండి!"

బొగ్గుముక్కలు వదిలేసి అందరూ బ్రష్షులు అందుకున్నారు. లూసెట్‌కు ముందు ఊపిరి వచ్చింది. తీసెయ్యరు. ఎవరూ తీసెయ్యరు. కళ్ళలో నీళ్ళు తిరిగేంత తేలికపడింది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. గదిలో అందరూ తన చేతి వంక ఎన్నడూ లేనంత ఇదిగా చూస్తున్నారు. తాను దేన్నీ తలుచుకోలేదు, దేన్నీ ఇవ్వలేదు. తనను అడక్కుండా చెయ్యి చేస్తున్న పని అది. వీళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు. లేచి పారిపోవాలనిపించింది. కాళ్ళు, వీపు, మెడ మాత్రం అలవాటు కొద్దీ రాయిలా కూర్చున్నాయి.

విరామానికి ఫ్లోరియన్ చప్పట్లు కొట్టగానే గౌను చుట్టుకుంది. చిత్రకారులు పిలిస్తే తప్ప మోడల్ వాళ్ళ కాన్వాసుల వైపు వెళ్ళకూడదు. అది ఎవరూ రాయని నియమం. ఇన్నేళ్ళలో లూసెట్ ఎప్పుడూ దాన్ని దాటలేదు. ఇవాళ తిన్నగా ఈజిళ్ళ మధ్యకు నడిచింది. ఎలోయ్ బొమ్మలో చెయ్యి ఉండాల్సినచోట నురగ లేస్తోంది. పక్కావిడ చేతిని గాలికి అల్లాడే ఆకుల గుత్తిని చేసింది. ఇంకొకరు రెక్కలు కొట్టుకునే పక్షిని పెట్టారు. ఎంత బాగా వేశారో! అది ఆమె ఒప్పుకోక తప్పలేదు. ఏ ఒక్కదాంట్లోనూ చెయ్యి లేదు.

"వచ్చే వారం కూడా ఇదే భంగిమ," అన్నాడు ఫ్లోరియన్, ఆమె వెంటే వచ్చి. "ఇదే చెయ్యి, ఇదే కదలిక. ఎలా తెప్పించావది లూసెట్? ఏం తలుచుకున్నావు?"

ఇన్నేళ్ళకు అడిగాడు. "నేనేమీ..." అని ఆమె మొదలుపెట్టేలోపు బయట్నుంచి పెద్ద కేక లేచింది. వంతెన వైపు నుంచి, వీధుల్లోంచి, అన్ని దిక్కుల నుంచీ: "పోతోంది! మంచు పోతోంది!" నేల కింద ఉరిమినట్టయింది. అంతే, బ్రష్షులు చేతుల్లోనే పట్టుకుని అందరూ తలుపు వైపు పరుగెత్తారు. ఎలోయ్ కోటు సగం తొడుక్కుని, ఫ్లోరియన్ అసలు తొడుక్కోకుండా. ఫ్యాక్టరీ ఖాళీ అయిపోయింది.

ఒడీల్ ఒక్కతే తన ఈజిల్ పక్కన నిలబడి ఉంది.

లూసెట్ ఆమె దగ్గరికి వెళ్ళి బొమ్మ చూసింది. ఒడీల్ బొమ్మలో ఏరు లేదు, కొండ లేదు. కిటికీ వైపు చూస్తున్న మనిషి ఉంది. ఆ మనిషి మోకాలి మీద చక్కగా, హాయిగా, నిద్రపోతున్నట్టు చెయ్యి ఉంది. ఏ వేలూ కదలడం లేదు. ఎన్నో ఏళ్ళ కిందటి చెయ్యి.

"నీకు తెలుసు," అంది లూసెట్.

"క్రిస్మస్ అప్పుడు చర్చిలో నా పక్కన కూర్చున్నావు గుర్తుందా? పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నావు. అప్పుడు చూశాను." ఒడీల్ గుడ్డతో వేళ్ళు తుడుచుకుంది. "నీ నడకలోనూ తెలుస్తోంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామని రోజూ అనుకున్నా. నోరు రాలేదే."

"మరి నా చెయ్యి ఇలా ఎందుకు గీశావు?"

"నా బొమ్మ చూసినవాళ్ళకైనా అనుమానం రాకూడదని." ఒడీల్ గొంతు తగ్గించింది, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా. "ఇంకేం, వాళ్ళే భావం అనుకుంటున్నారుగా. అనుకోనీ. ఫ్లోరియన్‌కి ఇది దొరకని బంగారం. నిన్ను ఏళ్ళ తరబడి కూర్చోబెడతాడు. నువ్వు నోరు మూసుకుని కూర్చో, నేనూ మూసుకుంటాను."

లూసెట్ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఎందుకంటే ఆ గది తప్ప ఆమెకు వెళ్ళాలనిపించే చోటు ఊళ్ళో ఇంకొకటి లేదు. మళ్ళీ వారం, ఆ పై వారం, బల్ల మీద కూర్చుంటే అందరూ చూస్తారు. చెయ్యి ఎంత ఎక్కువ వణికితే అంత మెచ్చుకుంటారు. నడవలేనిరోజు వస్తే దానికీ ఏదో పేరు పెడతారు.

"మా నాన్నని తాగుబోతన్నారు," అంది. "నన్ను ఏరంటున్నారు. ఇద్దరికీ ఉన్నది ఒకటే రోగం ఒడీల్."

ఒడీల్ కళ్ళు ఎర్రబడ్డాయి.

"పదేళ్ళ పిల్లని, పెరట్లో సీసాల కోసం వెతికాను. ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట అనలేదే." లూసెట్ మొహం చిట్లించుకుంది, ఏడవకుండా ఉండటానికి. తర్వాత చెయ్యి చాచింది. "ఆ బ్రష్షు ఇలా ఇవ్వు."

"ఏం చేస్తావు?"

"నీ బొమ్మ పాడు చేస్తాను. ఏమనుకోకు."

ఒడీల్ ఒక క్షణం చూసి, బ్రష్షు ఇచ్చింది. లూసెట్ రంగులు కలిపే పలకను చూసింది. చర్మం రంగులు చాలా కలిపి ఉన్నాయి, ఆమె వాటి జోలికి పోలేదు. కిటికీ కోసం పెట్టుకున్న నీలంలో ముంచింది. చలికాలమంతా ఆ చెయ్యి తన ఒళ్ళో ఆడిన ఆటను కళ్ళు మూసుకున్నా చెప్పగలదు. బొటనవేలి పక్కన ఒక గీత గీసింది. దాని పక్కనే ఇంకొకటి, కొంచెం ఎడంగా. చూపుడువేలు చుట్టూ, మణికట్టు చుట్టూ, ఉన్నచోట ఉండలేని చెయ్యి ఎక్కడెక్కడికి పోయి వస్తుందో అక్కడల్లా. తొందరపడలేదు. పనిలో పడ్డ చెయ్యి ఎప్పటిలాగే బుద్ధిగా ఉంది, ఒక్క గీతా తప్పిపోలేదు. ఒడీల్ ఆ చేతినే చూస్తూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

లూసెట్ బ్రష్షు తిరిగి ఇచ్చేసింది. తెర వెనక్కి వెళ్ళి బట్టలు వేసుకుని, బూట్లు తొడుక్కుని, టోపీ చెవుల కిందికి లాక్కుని వచ్చింది.

"నేను వాళ్ళకిచ్చింది కదలకుండా ఉండటం. అదిప్పుడు నా దగ్గర లేదు," అంది. "జబ్బు పేరేదో నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వే చెప్పు వాళ్ళకి. నాన్నకి ఉన్నది కూడా అదేనని చెప్పు. అది తప్పకుండా చెప్పాలి, ముఖ్యంగా ఎలోయ్‌కి. ఆయన మా నాన్న పడవ మీదే పని నేర్చుకున్నాడు."

"రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం. నేను కారు తెస్తా."

"తీసుకురా."

ఆమె వెనక గుమ్మం గుండా వెళ్ళింది. వంతెన వైపు కాకుండా, ఇంటికి పోయే పొలంగట్టు మీదుగా. ఒడీల్ కిటికీలోంచి చూసింది. లూసెట్ ఎడమచెయ్యి ఊగుతోంది, కుడిచెయ్యి ఒంటికి అంటుకున్నట్టు ఉంది. దాన్ని ఇప్పుడు జేబులో పెట్టుకోలేదు.

కాసేపటికి అందరూ తిరిగొచ్చారు, తడిసిన బూట్లతో, పెద్దపెద్ద గొంతులతో. మంచుదిబ్బలు ఒకదాని మీదొకటి ఎక్కి వంతెన స్తంభాలను గుద్దుకున్నాయట, ఎవరిదో కంచె మొత్తం కొట్టుకుపోయిందట. ఫ్లోరియన్ చలికి ముక్కు ఎర్రబడి చేతులు రుద్దుకుంటూ, "రండి రండి, వెలుతురు పోకముందే పట్టుకుందాం! లూసెట్ ఏది?" అన్నాడు.

"వెళ్ళిపోయింది. ఇక రాదు," అంది ఒడీల్. కుర్చీలో కూర్చుని, రోగి ఇంటివాళ్ళతో మాట్లాడిన పాత అలవాటుతో, నెమ్మదిగా, ఏదీ వదలకుండా చెప్పింది. అది నరాల జబ్బని, దాని పేరు చెప్పింది. ఫిలియాస్ పేరు చెప్పింది. ఫ్లోరియన్ ఖాళీ బల్ల అంచు మీద కూలబడ్డాడు. ఎలోయ్ టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ, "ఆయన తాగడం నేను ఒక్కసారీ చూడలేదు," అన్నాడు. టోపీ తిప్పడం ఆపి, "నేనూ అన్నాను, అందరితోపాటు" అన్నాడు.

ఎవరూ బ్రష్షు ముట్టలేదు. బయట ఏరు హోరుమంటోంది. ఒడీల్ ఈజిల్ మీద, హాయిగా నిద్రపోతున్న ఆ చెయ్యి చుట్టూ లూసెట్ గీసిన నీలి గీతలు తడితడిగా మెరుస్తున్నాయి. మణికట్టు దగ్గరి గీత కొసన రంగు బొట్టుకట్టి, కాన్వాసు మీద మెల్లగా కిందికి జారుతోంది.